ఆ ట్యాబ్‌ల తాళం తీయండి: విద్య, ఐటీ శాఖల మంత్రిగారికి బహిరంగ లేఖ

భావనపాడు,
సంతబొమ్మాళి మండలం, శ్రీకాకుళం జిల్లా.

ఆంధ్రప్రదేశ్ విద్య, ఐటీ శాఖల మంత్రి శ్రీ నారా లోకేశ్ గారికి,

మంత్రిగారూ, మీ శాఖ చేతిలో ఉన్న ఒక నిర్ణయం గురించి ఈ లేఖ. 2022 డిసెంబరు 21న బాపట్ల జిల్లా యడ్లపల్లిలో గత ప్రభుత్వం ఎనిమిదో తరగతి పిల్లలకు ట్యాబ్‌ల పంపిణీ మొదలుపెట్టింది. ఆ విడతలో 4,59,564 మంది విద్యార్థులకు, 59,176 మంది ఉపాధ్యాయులకు 686 కోట్ల రూపాయల ఖర్చుతో శామ్‌సంగ్ ట్యాబ్‌లు ఇచ్చారు. సరిగ్గా ఏడాది తిరిగేసరికి, 2023 డిసెంబరు 21న, అల్లూరి సీతారామరాజు జిల్లా చింతపల్లిలో రెండో విడత మొదలైంది. మరో 4,34,185 ట్యాబ్‌లు, 620 కోట్లు. రెండూ కలిపితే తొమ్మిదిన్నర లక్షల ట్యాబ్‌లు, పదమూడు వందల కోట్ల రూపాయలు. పంచిన ప్రభుత్వం వేరు, ఇప్పటి ప్రభుత్వం వేరు. డబ్బు మాత్రం అప్పుడూ ఇప్పుడూ ప్రజలదే. ఆ ట్యాబ్‌లలో బైజూస్ పాఠాలు నింపి, ఇష్టమొచ్చిన యాప్‌లు ఎక్కించుకోకుండా, అక్కర్లేని సైట్లు తెరుచుకోకుండా నియంత్రణ సాఫ్ట్‌వేర్ వేశారు. ఆ తాళాన్ని ఒక పద్ధతి ప్రకారం తీయమనీ, తీసి పిల్లలూ ఉపాధ్యాయులూ తమ సొంత ప్రోగ్రాములను ఆ ట్యాబ్‌ల మీద రాసుకుని నడుపుకునే వీలు కల్పించమనీ మిమ్మల్ని అడుగుతున్నాను. ఇది గాలిలోంచి పుట్టిన కోరిక కాదు. చేతిలో పట్టుకుని ఆడే వీడియోగేమ్ పరికరాల చుట్టూ, కంపెనీల అనుమతి లేకుండా, జీతం భత్యం లేకుండా దశాబ్దాలుగా పనిచేస్తున్న ఔత్సాహికుల అనుభవం దీని వెనక ఉంది.

ఆ పరికరాలకు మొదటి నుంచీ ఒక స్వభావం ఉంది. కంపెనీ ఆమోదించిన ఆట తప్ప మరొకటి వాటి మీద నడవకూడదు. 1989లో వచ్చిన నింటెండో గేమ్‌బాయ్, పెట్టిన కార్ట్రిడ్జ్‌లో నింటెండో గుర్తు ఉందో లేదో చూసి, లేకపోతే ఆగిపోయేది. 2004లో వచ్చిన నింటెండో డీఎస్, సోనీ పీఎస్‌పీ కాలానికి ఆ కాపలా ఇంకా బలపడింది. ఈ కాపలాను దాటి, తాము సొంతంగా రాసిన ప్రోగ్రాములను ఆ యంత్రాల మీద నడిపించి, వాటిని పదిమందికీ ఉచితంగా పంచడాన్ని హోంబ్రూ అంటారు. పీఎస్‌పీ జపాన్‌లో విడుదలైనప్పుడు దాని తొలి సాఫ్ట్‌వేర్‌లో కాపలా బలహీనంగా ఉందని ఔత్సాహికులు కనిపెట్టారు. 2005లో వచ్చిన 1.50 వెర్షన్ ఆ దారిని మూసేస్తే, అదే ఏడాది జూన్‌లో వేరే దారి తెరిచారు. సోనీ ఒక కంత పూడిస్తే వాళ్లు మరొకటి చూపించేవారు. బయటి నుంచి చూస్తే ఇది కంపెనీకీ దొంగలకూ మధ్య ఆటలా కనిపిస్తుంది. కానీ తలుపు తెరుచుకున్నాక ఆ సమూహాలు ఏం చేశాయో చూడకుండా తీర్పు చెప్పడం న్యాయం కాదు.

వాళ్లు ముందుగా పనిముట్లు తయారుచేశారు. డెవ్‌కిట్‌ప్రో అనే ఉచిత పనిముట్ల సంచి వల్ల కంపెనీ లైసెన్సు కొనలేని విద్యార్థి కూడా గేమ్‌బాయ్ అడ్వాన్స్ మీదా, డీఎస్ మీదా నడిచే ప్రోగ్రాము రాయగలిగాడు. ఆ తరవాత, ఆ యంత్రాలతో చేయవచ్చని కంపెనీలే అనుకోని పనులు చేశారు. పీఎస్‌పీకి బుకర్ అనే ప్రోగ్రాము రాసి ఆట పరికరాన్ని పుస్తకం చదువుకునే పరికరంగా మార్చారు. డీఎస్‌కు డీఎస్ఆర్గనైజ్ రాసి దాన్ని రోజువారీ డైరీగా వాడుకున్నారు. గేమ్‌బాయ్ మీద 1998 ప్రాంతంలో నానోలూప్, 2000లో లిటిల్ సౌండ్ డీజే అనే సంగీత ప్రోగ్రాములు వచ్చాయి. చౌకరకం ఆట పెట్టె సంగీత వాద్యమైంది, ఆ వాద్యం మీద వాయించే సంగీతకారుల తరం ఒకటి ప్రపంచమంతా పుట్టింది. 2007లో జెన్స్ ఆండర్సన్ అనే స్వీడన్ ప్రోగ్రామర్ డీఎస్ కోసం కలర్స్ అనే బొమ్మలు గీసే ప్రోగ్రాము రాసి ఉచితంగా పంచాడు. డీఎస్ మీద దానికి నింటెండో అనుమతి లేదు. 2012లో అదే కలర్స్ తరవాతి రూపం, డీఎస్ తరవాతి పరికరమైన నింటెండో 3డీఎస్ అధికారిక దుకాణంలో అమ్మకానికి వచ్చింది. నిన్న తలుపు బయట నిలబెట్టిన పనినే ఈరోజు కంపెనీ తన అరలో పెట్టుకుంది. అనుమతి లేనంత మాత్రాన పని విలువ లేనిది కాదనడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

నా వాదనకు అసలు బలం మాత్రం మరోచోట ఉంది. కంపెనీ వెళ్లిపోయిన రోజున ఏం జరుగుతుందన్న ప్రశ్నలో ఉంది అది. గేమ్‌బాయ్, గేమ్‌బాయ్ కలర్ కలిపి 11 కోట్ల 80 లక్షలకు పైగా అమ్ముడై, 2003లో తయారీ ఆగిపోయింది. నింటెండో 3డీఎస్ దుకాణంలో కొనుగోళ్లు 2023 మార్చి 27న ఆగిపోయాయి. ఆన్‌లైన్‌లో కలిసి ఆడే సౌకర్యం 2024 ఏప్రిల్‌లో ముగిసింది. అమెరికాలోని వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ 2023 జులైలో ఒక అధ్యయనం ప్రకటించింది. 2010కి ముందు ఆ దేశంలో విడుదలైన పాత ఆటల్లో నూటికి 87 ఇప్పుడు మార్కెట్లో కొనడానికి దొరకవని అది తేల్చింది. ఇన్నాళ్లూ కాపలా కాసిన కంపెనీలకు ఆ వస్తువులను బతికించే ఆసక్తి లేదు, వ్యాపారరీత్యా ఉండాల్సిన పనీ లేదు. బతికించింది ఎవరంటే, ఏ హక్కూ లేదని తరిమేసిన ఔత్సాహికులే. ప్రెటెండో అనే స్వచ్ఛంద బృందం, మూతపడిన నింటెండో సర్వర్ల స్థానంలో కొత్తవి కట్టుకొచ్చింది. తయారీ ఆగిపోయిన పదహారేళ్లకు, 2019లో, జీబీ స్టూడియో అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వచ్చింది. దానితో కోడింగ్ రాని పిల్లవాడు కూడా గేమ్‌బాయ్‌కి కొత్త ఆట తయారు చేయగలడు. తయారీదారు ఆయుష్షు తీరిపోయిందన్న వస్తువు, వాడేవాళ్ల చేతుల్లో ఇంకా కొత్త పని నేర్చుకుంటూనే ఉంది.

ఇప్పుడు మన ట్యాబ్‌ల దగ్గరికి వద్దాం. 2022 జూన్‌లో ప్రభుత్వంతో ఒప్పందం చేసుకుని పాఠాలు ఇచ్చిన బైజూస్ మాతృసంస్థను 2024 జులై 16న బెంగళూరులోని జాతీయ కంపెనీ లా ట్రైబ్యునల్ దివాలా ప్రక్రియలోకి పంపింది. అప్పీలు ట్రైబ్యునల్ ఆగస్టులో ఆ ప్రక్రియను నిలిపితే, అక్టోబరు 23న సుప్రీంకోర్టు ఆ అప్పీలు తీర్పును కొట్టేసింది. పాఠం ఇచ్చిన సంస్థ పరిస్థితి ఇది. ట్యాబ్‌కు మూడేళ్ల వారంటీ అని అప్పట్లో చెప్పారు. తొలి విడతకు ఆ గడువు 2025 డిసెంబరు వరకే. తొలి విడతలో ట్యాబ్ అందుకున్న పిల్లలు 2025లోనే పదో తరగతి పరీక్షలు రాశారు. అంటే, పాఠాల కంపెనీ కోర్టుల్లో ఉంది, తొలి విడత వారంటీ గడువు తీరింది, ఏ తరగతి కోసం పాఠాలు నింపారో ఆ తరగతి దాటిపోయింది. మిగిలింది ట్యాబూ, దాని తాళమూ. తాళం వేయడానికి అప్పట్లో ఏ కారణాలు చెప్పినా, వాటిలో చాలావరకు ఇప్పుడు లేవు. కారణం పోయాక కూడా తాళం ఉంటే, పదమూడు వందల కోట్ల వస్తువు అటకెక్కడం తప్ప దానివల్ల జరిగేది ఏమీ లేదు. ఈ తీరంలో మత్స్యకారుడు వల కొన్నాక తన సముద్రానికీ తన చేపకూ తగ్గట్టు దాన్ని సరిచేసుకుంటాడు. వల అమ్మినవాడి అనుమతి అడగడు. చదువు కోసం ఇచ్చిన పరికరం విషయంలో అదే ఇంటి పిల్లవాడికి ఆ స్వేచ్ఛ ఎందుకు ఉండకూడదు?

అనుమతి లేని ఔత్సాహికులంటే అనుమానంగా చూసే ముందు, తెలుగు కంప్యూటర్ ఎక్కిన దారిని గుర్తు చేసుకోవాలి. అమెరికాలో ఉంటున్న తిరుమల కృష్ణ దేశికాచార్యులు గారు పోతన, వేమన ఫాంట్లు తయారుచేసి ఉచితంగా ఇచ్చారు. వీవెన్ గారు రూపొందించిన లేఖిని వల్ల, తెలుగు కీబోర్డు ఎరగని వేలమంది నెట్‌లో తెలుగు రాశారు. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియాను చాలావరకు, ఉద్యోగాల తరవాత మిగిలిన సాయంత్రాల్లో జనమే రాశారు. హైదరాబాద్‌లో స్వేచ్ఛ సంస్థ సభ్యులు కంప్యూటర్ ఆపరేటింగ్ సిస్టమ్‌నే తెలుగులోకి తెచ్చారు. మార్కెట్ తెలుగును లెక్కలోకి తీసుకోని రోజుల్లో, అడగకుండా పనిచేసినవాళ్ల వల్లే మన భాష తెర మీద నిలబడింది. చేతిలో పట్టుకునే పరికరం విషయంలోనూ మనకు ఒక అనుభవం ఉంది. 2011 అక్టోబరు 5న కేంద్రం విడుదల చేసిన ఆకాశ్ ట్యాబ్‌లను తొలుత కూర్చింది హైదరాబాద్‌లోనే. ఆ పథకం అనుకున్నంత నడవలేదు. అయినా ఐఐటీ బొంబాయి బృందాలు ఆకాశ్ మీద గ్నూ/లినక్స్ నడిపి చూపించాయి, విద్యార్థుల చేత దానికి ప్రోగ్రాములు రాయించాయి. పథకం విఫలమైనా పరికరం తెరిచి ఉంటే దాని నుంచి నేర్చుకునేది మిగులుతుందని ఆకాశ్ చెప్పింది.

తాళం తీస్తే భావనపాడు లాంటి ఊరికి ఏం ఒరుగుతుందని మీరు అడగవచ్చు. బెంగళూరులో కూర్చున్న పాఠాల కంపెనీ రాష్ట్రమంతటికీ ఒకే పాఠం రాస్తుంది, అంతకన్నా దానికి గిట్టదు. ఈ తీరానికి మాత్రమే కావలసినది ఏ కంపెనీ రాయదు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి ఈ ప్రాంతాన్ని కకావికలం చేసింది. తుపాను హెచ్చరిక వచ్చినప్పుడు ఏ గంటకు ఏం చేయాలో ఆటగా నేర్పే ప్రోగ్రాము ఇక్కడి పిల్లలకు అవసరం. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం. ఆ రెండు నెలలు సముద్రంలో ఏం జరుగుతుందో, నిషేధం లేకపోతే ఏమవుతుందో లెక్కగట్టి చూపే ఆటను తొమ్మిదో తరగతి పిల్లలు రాయగలరు. హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ సంస్థ చేపలు దొరికే ప్రాంతాల సూచనలను ఉచితంగా ఇస్తోంది. వాటిని తమ తండ్రులకు అర్థమయ్యే మాటల్లో చూపే తెరను ఈ ఊరి పిల్లలే రూపొందించవచ్చు. మూడు పులులు, పదిహేను మేకలతో ఆడే పులిజూదం ఒక ప్రోగ్రాముగా రాస్తే అందులో గణితం ఉంది, తర్కం ఉంది, మన రచ్చబండ ఉంది. మందస, మెళియాపుట్టి మండలాల్లో సవర పిల్లలున్నారు. ఈ జిల్లాలోనే పుట్టిన గిడుగు రామమూర్తి పంతులు గారు సవర భాష నేర్చుకుని, వాచకాలు రాసి, సొంత డబ్బుతో బడులు నడిపారు. ఈరోజు అదే పని చేయదలచిన టీచరుకు పిల్లల ముందే ఒక తెర ఉంది, కానీ అందులోకి తన పాఠం ఎక్కించే అధికారం లేదు. నూరేళ్లకు పైబడిన ఆ దారిలో మనం ఒక అడుగు వెనక్కి వేసినట్టే కదా.

అభ్యంతరాల్లో మొదటిది, బలమైనది, పైరసీ. హోంబ్రూ పేరు చెప్పుకుని దొంగ ఆటలు పంచినవాళ్లు ఉన్నారు, ఆ సంగతి దాచనక్కర్లేదు. డీఎస్ కాపలాను దాటించే ఆర్4 కార్డులను కొన్నవారిలో చాలామంది వాటిని వాడింది సొంత ప్రోగ్రాములకు కాదు. నింటెండో స్విచ్ తాళాలు తీసే సరుకు అమ్మిన టీమ్ ఎక్సిక్యూటర్ ముఠాలో ఒకరికి 2022 ఫిబ్రవరిలో అమెరికా కోర్టు 40 నెలల జైలు శిక్ష వేసింది. ఆ శిక్ష హోంబ్రూ రాసినందుకు పడింది కాదు, దొంగ ఆటలు ఆడించే సరుకుతో వ్యాపారం చేసినందుకు పడింది. హోంబ్రూ సమూహాల్లో చాలావాటికి దొంగ ఆటల ప్రస్తావనే నిషేధం, తమ పనిని బతికించుకోవడానికి ఆ గీత తామే గీసుకున్నాయి. ఐరోపా న్యాయస్థానం కూడా 2014 జనవరిలో నింటెండోకూ పీసీ బాక్స్ అనే ఇటలీ సంస్థకూ మధ్య నడిచిన కేసులో ఈ తేడాను గుర్తించింది. తాళానికి చట్టం ఇచ్చే రక్షణ అవసరానికి మించి ఉండకూడదనీ, తాళం తీసే పరికరాన్ని జనం నిజంగా దేనికి వాడుతున్నారో చూడాలనీ చెప్పింది. ఇక మన ట్యాబ్‌ల విషయంలో ఈ అభ్యంతరానికి పునాదే తక్కువ. అవి ఆటలు అమ్ముకోవడానికి నష్టానికి ఇచ్చిన యంత్రాలు కావు, ప్రభుత్వం పూర్తి ధర చెల్లించి కొన్నవి. బైజూస్ పాఠాలను కాపాడాలనుకుంటే ఆ పాఠాలకే తాళం వేయవచ్చు, మొత్తం పరికరాన్ని బంధించనక్కర్లేదు.

చట్టం ఒప్పుకుంటుందా అన్నది దీనికి అనుబంధ ప్రశ్న. మన కాపీరైట్ చట్టం ఈ విషయంలో చాలా దేశాల కన్నా వివేకంగా ఉంది. 2012 సవరణతో వచ్చిన 65ఎ సెక్షన్ సాంకేతిక రక్షణను ఛేదిస్తే రెండేళ్ల వరకు జైలు అంటుంది. కానీ ఒక షరతు పెట్టింది. హక్కులను ఉల్లంఘించే ఉద్దేశంతో ఛేదిస్తేనే అది నేరం. చట్టం నిషేధించని పని కోసమైతే ఆ సెక్షన్ అడ్డు రాదు. ఇతరులకు అందులో సాయం చేసేవారు మాత్రం వాళ్ల వివరాలు రికార్డు చేసి ఉంచాలి. 52వ సెక్షన్ ఇంకో అడుగు ముందుకేసి, విడిగా రాసిన ప్రోగ్రాము మరో ప్రోగ్రాముతో కలిసి పనిచేయడానికి కావలసిన సమాచారం వేరే విధంగా సులువుగా దొరకనప్పుడు దాన్ని రాబట్టుకోవడాన్నీ, చట్టబద్ధంగా పొందిన ప్రోగ్రాము ఎలా పనిచేస్తుందో పరిశీలించడాన్నీ అనుమతిస్తుంది. అమెరికాలో ఇలాంటి చాలా వెసులుబాట్ల కోసం మూడేళ్లకోసారి లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ ముందు వాదించుకోవాలి. మన పార్లమెంటు ఇచ్చిన ఈ స్వేచ్ఛను ఒక రాష్ట్ర ప్రభుత్వం బడిపిల్లల కోసం ఉపయోగించుకోకపోతే ఇంకెవరు ఉపయోగించుకుంటారు? పైగా ఇక్కడ తాళం ఛేదించాల్సిన పనే లేదు. వేయించింది ప్రభుత్వం, తీయించగలిగేదీ ప్రభుత్వమే.

రెండో అభ్యంతరం తల్లిదండ్రులది. తాళం తీస్తే పిల్లలు చదువు మానేసి వీడియోలూ ఆటలూ చూస్తూ కూర్చుంటారన్న భయం నిజమైనది, దాన్ని తేలిగ్గా కొట్టిపారేయకూడదు. అయితే ఆ ట్యాబ్‌లలో రెండు తాళాలు కలిసిపోయి ఉన్నాయి. ఒకటి నెట్‌లో ఏం చూడవచ్చో నియంత్రించేది. రెండోది పిల్లవాడు తన సొంత ప్రోగ్రామును నడపకుండా ఆపేది. మొదటిది పిల్లలు బడిలో ఉన్నంతకాలం ఉంచండి, నేను దాన్ని తీయమనడం లేదు. రెండోది తీయమంటున్నాను. పాస్‌వర్డు దాటి వీడియోలు చూసే పిల్లవాడికీ, పులిజూదంలో పులి ఎత్తును ఎలా లెక్కించాలా అని తల పట్టుకునే పిల్లవాడికీ ఒకే శిక్ష వేయడం విద్యాశాఖకు తగదు. మరో మాట కూడా ఉంది. తాళం ఉన్నచోట దాన్ని తీసే చిట్కా ఎప్పుడూ దొంగదారిన అందుతుంది. ఎవరో పెట్టిన వీడియో చూసి, ఎక్కడిదో తెలియని ఫైలు ఎక్కించుకుని పిల్లలు తాళం తీయడం కన్నా, టీచరు ఎదుట, ప్రభుత్వం ఇచ్చిన పద్ధతిలో తీయడం ఎంతో క్షేమం. సరదా కోసం కాక తయారీ కోసం తెరిచిన తలుపును పెద్దలు చూడగలరు, దొంగదారిని చూడలేరు.

మూడోది భద్రత. పరికరం పాడవుతుంది, వైరస్‌లు వస్తాయి అంటారు. ఇందుకు హోంబ్రూ చరిత్రలోనే చేదు ఉదాహరణ ఉంది. 2005 అక్టోబరులో పీఎస్‌పీని పాత వెర్షన్‌కు మారుస్తామని చెప్పుకున్న ఒక ఫైలు వచ్చింది. దాన్ని నడిపిన వాళ్ల యంత్రాలు మళ్లీ లేవకుండా పోయాయి. అదే నెలలో డీఎస్‌కూ అలాంటిదే వచ్చింది. ఆ సమూహాలు దీని నుంచి నేర్చుకున్నది తలుపు మూసుకోవడం కాదు. ఏ ప్రోగ్రామైనా దాని మూలం అందరికీ కనిపించేలా పెట్టాలి, నలుగురు చదివి సరేనన్నాకే వాడాలి అన్న అలవాటును పెంచుకున్నాయి. ప్రభుత్వం చేయగలిగిందీ ఇదే. టీచర్లూ పిల్లలూ రాసిన ప్రోగ్రాముల మూలం బయటపెట్టించి, చూసేవాళ్లతో చూపించి, మంచివాటిని ఒకే చోట ఉంచాలి. ట్యాబ్ ఆండ్రాయిడ్ మీద నడుస్తుంది. దాని అడుగున ఉన్న లినక్స్ కెర్నెల్ లైసెన్సు ప్రకారం శామ్‌సంగ్ ఆ భాగం మూలాన్ని ప్రచురిస్తూనే ఉంది. పునాది తెరిచే ఉంది, పైన వేసిన తలుపు మాత్రమే మూసి ఉంది. ఆ తలుపు కూడా రోజురోజుకీ బరువెక్కుతోంది. 2025 ఆగస్టులో గూగుల్, తన దగ్గర పేరు నమోదు చేసుకున్నవారి యాప్‌లనే ధ్రువీకరించిన ఆండ్రాయిడ్ పరికరాలు ఒప్పుకునేలా దశలవారీగా నియమం తెస్తామని ప్రకటించింది. విద్యార్థులకూ అభిరుచితో రాసేవారికీ వెసులుబాటు ఉంటుందంది. లక్షల పరికరాలు కొనే రాష్ట్ర ప్రభుత్వం మాట గూగుల్‌కు వినబడుతుంది. మన పిల్లల తరఫున ఆ మాట అనవలసింది మీ శాఖే.

చివరి అభ్యంతరం, పల్లె బడుల్లో ఇవన్నీ చేసేదెవరు అన్నది. కేరళను చూడండి. అక్కడ 2001లో మొదలైన ఐటీ ఎట్ స్కూల్ కార్యక్రమం బడి కంప్యూటర్లను క్రమంగా స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ మీదికి మార్చింది. 2018 జనవరిలో ప్రారంభమైన లిటిల్ కైట్స్ క్లబ్బులు ప్రభుత్వ, ఎయిడెడ్ ఉన్నత పాఠశాలల పిల్లల చేత యానిమేషన్లూ ప్రోగ్రాములూ చేయిస్తున్నాయి. అవి కోటీశ్వరుల బడులు కావు, మన బడుల్లాంటివే. మన ప్రాంతంలో మనుషులు లేరా? ఎచ్చెర్లలో రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయ ప్రాంగణం ఉంది, పల్లెటూళ్ల ప్రభుత్వ బడుల నుంచి వచ్చిన పిల్లలే అక్కడ ఇంజినీర్లవుతున్నారు. టెక్కలిలో, రాజాంలో ఇంజినీరింగ్ కళాశాలలున్నాయి. విజయనగరంలో జేఎన్‌టీయూ గురజాడ విశ్వవిద్యాలయం ఉంది. వాళ్లలో ఒక్కొక్క బృందం ఒక్కొక్క మండలం బడులను చూసుకుంటే చాలు. భావనపాడు పోర్టుగా మొదలై మూలపేట పోర్టుగా పేరు మారిన రేవుకు 2023 ఏప్రిల్ 19న శంకుస్థాపన జరిగింది, 4,362 కోట్ల ప్రాజెక్టు అన్నారు. రేపు ఆ రేవులో యంత్రాలు నడిపేది కంప్యూటర్లే. ఊళ్లో పిల్లలు ఆ గేటు దగ్గర కాపలా ఉద్యోగం కోసం నిలబడాలా, లోపల కంప్యూటర్ ముందు కూర్చోవాలా అన్నది, ఈరోజు వాళ్ల చేతిలోని తెరను చూడనిచ్చామా, రాయనిచ్చామా అన్నదాని మీద కొంతైనా ఆధారపడి ఉంటుంది. వేరావల్‌కూ పారాదీప్‌కూ చెన్నైకీ వలసపోయే వేటగాళ్ల ఇళ్లలో ఈ తేడా చిన్నది కాదు.

అందుకే మంత్రిగారూ, నాలుగు పనులు కోరుతున్నాను. పది దాటిన పిల్లల దగ్గరున్న ట్యాబ్‌ల నుంచి నియంత్రణ సాఫ్ట్‌వేర్‌ను ఉచితంగా తొలగించే ఏర్పాటు చేసి, ఆ పద్ధతిని తెలుగులో ప్రచురించండి, ఆ ట్యాబ్ ఇక ఆ విద్యార్థి సొత్తేనని ఉత్తర్వు ఇవ్వండి. ఇంకా బడిలో ఉన్నవారికి నెట్ కాపలాను ఉంచి, సొంత ప్రోగ్రాములు నడుపుకునే వీలు మాత్రం తెరవండి. ఆండ్రాయిడ్ మీదే ప్రోగ్రాములు రాయడం నేర్పే పాకెట్ కోడ్ లాంటి ఉచిత పనిముట్లతో ప్రతి ఉన్నత పాఠశాలలో ఒక క్లబ్బు పెట్టించి, వాళ్లు రాసినవాటిని రాష్ట్రమంతా వాడుకునేలా ఒక ఉమ్మడి భాండాగారం నడపండి. ఇకముందు ప్రభుత్వం కొనే ప్రతి పరికరం ఒప్పందంలోనూ ఒక నిబంధన రాయించండి: కంపెనీ దివాలా తీసినా, గడువు ముగిసినా, మద్దతు ఆపేసినా, తాళాలూ పాఠాలూ ప్రభుత్వానికి అప్పగించాలి, ప్రజల డబ్బుతో రాయించిన సాఫ్ట్‌వేర్ ప్రజలందరికీ తెరిచి ఉండాలి. ఇవేవీ కొత్త కొనుగోళ్లు కావు. ఉన్నదాన్ని పనికి తేవడమే.

ఆట పరికరాల కంపెనీలకు లాభం చూసుకోవాల్సిన బాధ్యత ఉంది, వాళ్లు తాళాలు వేసుకోవడాన్ని అర్థం చేసుకోవచ్చు. ప్రభుత్వ విద్యాశాఖకు ఆ బాధ్యత లేదు. దానికున్న ఒకే ఒక్క లాభం పిల్లవాడు నేర్చుకోవడం. అనుమతి లేకపోయినా, బెదిరింపులు వచ్చినా, తెలియని దేశాల్లో తెలియని మనుషులు చేతిలో ఇమిడే చిన్న యంత్రాలకు ఇంత చదువునూ సంగీతాన్నీ నేర్పగలిగారు. అనుమతి ఇస్తే, అండగా నిలబడితే మన పిల్లలు ఇంకెంత చేస్తారో మీరే చూస్తారు. తాళంచెవి మీ శాఖ దగ్గరే ఉంది. వాళ్లకు ఇవ్వండి.

ఇట్లు,
భావనపాడు తీరం నుంచి
ఒక పౌరుడు.